మిరప కోతల వేళ శిక్షణ తరగతులు: గుంటూరు జిల్లాలో ఒక విదేశీ గ్రాంట్ ఆడిట్

గుంటూరు జిల్లాలో ఫిబ్రవరి నెలాఖరున పగటిపూట ఏ మిరప ఊరికి వెళ్లినా ఇళ్ల దగ్గర ముసలివాళ్లు, చంటిపిల్లలు తప్ప ఎవరూ కనపడరు. అందరూ కోతల్లో ఉంటారు. ఊళ్లో కూలీలు చాలక కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి, చేల దగ్గర గుడారాలు వేసుకుని కాయలు కోస్తాయి. అలాంటి రోజుల్లో నలభై మంది ఆడవాళ్లు కూలి మానుకుని, వరసగా మూడు రోజులు, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా కమ్యూనిటీ హాల్లో కూర్చుని శిక్షణ తీసుకున్నారని నా ముందున్న రిజిస్టర్ చెబుతోంది. మా అమ్మమ్మది ఆ చుట్టుపక్కల ఊరే. చిన్నప్పుడు ఆ నెలలో అక్కడికి వెళ్తే నాకు అన్నం పెట్టడానికి కూడా ఇంట్లో మనిషి ఉండేది కాదు.

ఈ కేసు అక్కడ మొదలైంది. నేను గుంటూరు బ్రాడీపేటలో ప్రాక్టీస్ చేసే చార్టర్డ్ అకౌంటెంట్‌ని. విదేశీ దాతల తరఫున ఇక్కడి స్వచ్ఛంద సంస్థల లెక్కలు చూడటం నా పనిలో పెద్ద భాగం. 2024 జూన్‌లో, ఎన్నికల హడావిడి అయ్యాక, చూసిన లెక్క ఇది. సంస్థ పేరు, దాత పేరు, ఊళ్ల పేర్లు రాయను. ఎవరూ గుర్తుపట్టకుండా మొత్తాలు కూడా కాస్త మార్చాను. ఇలాంటి సంస్థలకు లెక్కలు రాసేవాళ్లకీ, డబ్బు పంపేవాళ్ల తరఫున తిరిగేవాళ్లకీ ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

డబ్బు వచ్చిన దారి

2021–22 పంటకాలంలో మిరప మీద నల్ల తామర పురుగు పడింది. పూతలో చేరి పిందె నిలవనివ్వలేదు. రైతులు మందు మీద మందు కొట్టారు, అయినా పురుగు పోలేదు, అప్పు మిగిలింది. ఆ తర్వాత ఏప్రిల్ నుంచి యూరప్‌లోని ఒక దాతృత్వ సంస్థ మూడేళ్ల గ్రాంట్ ఇచ్చింది. 14 ఊళ్లు, ఊరికి 50 మంది మహిళా రైతులు. పురుగులు అంటుకునే నీలం, పసుపు జిగురు అట్టలు, వేప నూనె, పురుగును ముందే గుర్తుపట్టి మందు ఖర్చు తగ్గించుకునే శిక్షణ. మంచి పథకం. ఇప్పటికీ అదే మాట అంటాను.

ఈ సంస్థకు అంతకుముందు విదేశీ డబ్బు నేరుగా వచ్చేది కాదు. ఒక పెద్ద సంస్థ తీసుకుని, అందులో కొంత దీనికి ఇచ్చేది. ఆ పెద్ద సంస్థ అకౌంటెంట్లు మూడు నెలలకోసారి వచ్చి వోచర్లు తిరగేసి, లేని రసీదుకు గట్టిగా మాట్లాడి వెళ్లేవాళ్లు. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అనేది, సవరించారు. ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. డబ్బంతా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలన్నారు. పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. డబ్బు ఎక్కడికి పోతుందో ప్రభుత్వానికి స్పష్టంగా కనపడాలన్నది ఉద్దేశం. డబ్బు నిజంగానే స్పష్టంగా కనపడుతోంది కూడా. కానీ ఈ చిన్న సంస్థ విషయంలో, మూడు నెలలకోసారి వచ్చి వోచర్ పట్టుకుని అడిగే మనిషి లేకుండా పోయాడు.

20 శాతం సంగతి ఇంకొంచెం చెప్పాలి. నిబంధనల ప్రకారం ఊళ్లో శిక్షణ ఇచ్చేవాళ్ల జీతం పరిపాలన ఖర్చు కిందికి రాదు, లెక్కలు రాయడానికయ్యే ఖర్చు వస్తుంది. దాంతో ఏ సంస్థ అయినా ముందు కోత పెట్టేది అకౌంటెంట్ మీదే. ఇక్కడ వారానికి రెండు సాయంత్రాలు వచ్చి క్యాష్ బుక్ రాసి వెళ్లే ఒక కుర్రాడు ఉన్నాడు. మూడేళ్ల విదేశీ గ్రాంట్‌కు ఉన్న ఆర్థిక కాపలా అదే.

కాగితం ఏం చెప్పింది

ఫిబ్రవరి, మార్చి నెలల్లో 22 శిక్షణ తరగతులు చూపించారు. ఒక్కోదానికి సుమారు 18 వేలు. ఫైళ్లు చూడముచ్చటగా ఉన్నాయి. ప్రతిదానికీ సంతకాల షీట్, భోజనాల బిల్లు, ఫోటో, రిపోర్టు. నాకు మొదట అనుమానం వచ్చిందే ఆ శుభ్రత చూసి. ఊళ్లోంచి వచ్చిన కాగితానికి మడతలుంటాయి, టీ మరకలుంటాయి, ఎవరో పిల్లాడు చివర్లో గీసిన గీతలుంటాయి. ఈ షీట్లకు ఒక్క మడత లేదు.

ఒక షీట్ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. నలభై పేర్లు. ఇరవై తొమ్మిది సంతకాలు, పదకొండు వేలిముద్రలు. సంతకాలన్నీ ఒకే నీలం పెన్ను, అది ఫరవాలేదు, షీటుతో పాటు పెన్ను కూడా చేతులు మారుతుంది. కానీ వేలిముద్రలు పదకొండింటిలోనూ మధ్యలో అడ్డంగా ఒక సన్నటి తెల్లగీత ఉంది, కత్తిగాటు మానిన మచ్చలాగా. పదకొండు మంది ఆడవాళ్లకు ఒకే వేలి మీద, ఒకే చోట, ఒకే గాటు. ఆ షీట్ బల్ల మీద పెట్టి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎవరో ఒక మనిషి, బహుశా ఆఫీసులో పనిచేసే మనిషే, ఒక్క సాయంత్రం పదకొండు సార్లు ఇంకు ప్యాడ్ మీద వేలు అద్ది ఉంటుంది. ఆమె మీద కోపం రాలేదు, బాధేసింది.

తర్వాత భోజనాల బిల్లులు. ఒకే హోటల్, తేదీల మధ్య మూడు వారాల తేడా, బిల్లు నంబర్లు మాత్రం 212 నుంచి 220 దాకా వరసగా ఉన్నాయి. అంటే ఆ మూడు వారాల్లో ఆ హోటల్‌కు ఇంకో గిరాకీ రాలేదనుకోవాలి.

జిగురు అట్టల కొనుగోలుకు మూడు కొటేషన్లు పెట్టారు. మూడూ వేరే వేరే దుకాణాల పేర్లతో, వేరే వేరే లెటర్‌హెడ్‌లతో ఉన్నాయి. ఇక్కడ కొత్తగా ఆడిట్‌కు వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒకటుంది. లెటర్‌హెడ్ చూడకండి, జీఎస్టీ నంబర్ చూడండి. అందులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్, మనకు 37. ఆ తర్వాతి పది ఆ యజమాని పాన్ నంబర్. ఈ మూడు కొటేషన్లలో రెండింటికి ఆ పది అక్షరాలు ఒకటే. రెండు దుకాణాలకూ యజమాని ఒక్కరే అన్నమాట. మూడో దుకాణం నంబర్‌ను జీఎస్టీ పోర్టల్‌లో కొడితే, కొటేషన్ తేదీకి ముందే రిజిస్ట్రేషన్ రద్దయిందని వచ్చింది. పోటీ లేని చోట పోటీ ఉన్నట్టు కాగితం తయారైంది. గుంటూరులో నాలుగు పురుగుమందుల దుకాణాల్లో నేనే అడిగి చూశాను. వాళ్లు చెప్పిన ధరకీ ఈ బిల్లులోని ధరకీ చాలా తేడా ఉంది.

సొరుగులోని బిల్లులు

సంస్థ కార్యదర్శి రిటైర్డ్ టీచర్. అందరూ మాస్టారు అంటారు, నేనూ అలాగే పిలిచాను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయన కాలేజీ కుర్రాడు. శవాలు తీయడానికి వెళ్లి, అక్కడే నెలల తరబడి ఉండిపోయి, ఈ పనిలోకి వచ్చిన మనిషి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆ తరం వాళ్లు చాలామంది అలా వచ్చినవాళ్లే.

షీట్ చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

“ఉప్పెనప్పుడు రసీదు ఎవరడిగారమ్మా?” అన్నారు.

“అప్పుడు అడగలేదు మాస్టారూ. ఇప్పుడు అడుగుతున్నారు. ఈ డబ్బు ఎక్కడికి పోయింది?”

ఆయన లేచి, బల్ల సొరుగు లాగి, రబ్బరు బ్యాండ్ వేసిన ఒక కట్ట తీసి నా ముందు పెట్టారు. అవి కూడా బిల్లులే. టార్పాలిన్లు, బియ్యం, కందిపప్పు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చేతికొచ్చే దశలో మిరప నేలకొరిగింది, పూరిళ్లు కూలాయి. అప్పటికి దాత పంపాల్సిన రెండో వాయిదా రాలేదు. నవంబరులో రావాల్సింది జనవరి చివర్లో వచ్చింది. మాస్టారు జీతాల కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెచ్చారు. టార్పాలిన్లు, సరుకులు అప్పు మీద తెచ్చి పంచారు. వాయిదా వచ్చాక చూసుకుంటే బడ్జెట్‌లో తుఫాను సాయానికి హెడ్, అంటే పద్దు, లేదు, వడ్డీకి లేదు. శిక్షణల హెడ్‌లో మాత్రం డబ్బు నిండా ఉంది, మార్చి 31 లోపల ఖర్చు కాకపోతే వచ్చే ఏడు కోత పెడతామని దాత ముందే రాశాడు.

నిజం బిల్లులు సొరుగులో, అబద్ధం బిల్లులు ఫైల్లో.

తర్వాతి పది రోజుల్లో మా వాళ్లు ఊరూరా తిరిగారు. 22 తరగతుల్లో జరిగినవి 9, జరగనివి 13. జరగనివాటి మొత్తం 2,34,000. సొరుగులోని బిల్లులతో ఒక్కొక్కటే సరిచూశాం. తుఫాను సాయం 1,24,000, వడ్డీ 18,000, జీపు మరమ్మతు 31,000. మిగిలిన 61,000కు ఏ కాగితమూ లేదు. మాస్టారికీ తెలియదు. క్యాష్ బుక్ కుర్రాడికీ, ఫీల్డ్ సూపర్‌వైజర్‌కీ మధ్య ఎక్కడో కరిగిపోయింది.

ఇలాంటి చోట ఆడిటర్లు రెండు రకాలుగా పోతారు. మంచి మనిషి కదా, డబ్బు జనానికే పోయింది కదా అని కళ్లు మూసుకునేవాళ్లు కొందరు. అంతా మోసమే అని ఒక్క మాటలో రిపోర్టు రాసి వచ్చేసేవాళ్లు కొందరు. రెండూ తప్పే అని నా నమ్మకం. టార్పాలిన్ అందుకున్నవాళ్లు నిజం. వేలిముద్రలు అబద్ధం. ఒకదాన్ని ఇంకోదాని కింద దాచకూడదు. దాచడం ఒకసారి మొదలైతే ఏమవుతుందో ఆ 61,000 చూస్తే తెలుస్తుంది. తన ఆఫీసులో మంచి పని కోసమే అయినా దొంగ షీట్ తయారవుతుందని చూసిన కుర్రాడు, తన కోసం ఇంకో షీట్ తయారుచేయడానికి ఎందుకు భయపడతాడు? మాస్టారికి నేను చెప్పిన మాట కూడా ఇదే. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

సరిదిద్దడం

మొదట తట్టే ఆలోచన, ఆ సొమ్ము సంస్థ సొంత నిధుల నుంచి తిరిగి వేసేద్దాం అని. మాస్టారూ అదే అన్నారు. కానీ ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలో విదేశీ విరాళం తప్ప వేరే డబ్బు వేయకూడదు. స్థానికంగా చందాలు పోగుచేసి అందులో వేస్తే, ఒక తప్పు సరిదిద్దబోయి ఇంకో తప్పు చేసినట్టవుతుంది.

చివరికి చేసింది ఇది. లెక్కలింకా ఖరారు కాలేదు. వార్షిక రిటర్న్ ఎఫ్‌సీ–4 దాఖలుకు డిసెంబరు 31 దాకా గడువుంది. కాబట్టి 13 తరగతుల ఖర్చును పుస్తకాల్లో తిప్పి రాశాం. జరిగిన ఖర్చు ఏదో అదే హెడ్ పేరుతో చూపించాం. దాతకు మాస్టారి చేతే ఉత్తరం రాయించాను, నేను రాయలేదు. సొరుగులో బిల్లులు, వాటితో పాటు వేలిముద్రల షీట్ నకలు, అన్నీ జతచేశాం. తుఫాను సాయం మొత్తాన్ని దాత ఒప్పుకున్నాడు. అప్పుడే ఒక్క ఉత్తరం రాసి ఉంటే ఆ రోజే ఒప్పుకునేవాళ్లమని కూడా రాశాడు. అది చదివి మాస్టారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వడ్డీ, జీపు ఒప్పుకోలేదు. ఆ రెంటికీ సమానంగా, జరగని తరగతుల్లో కొన్నింటిని సంస్థ తన స్థానిక నిధుల ఖాతా నుంచే ఖర్చుపెట్టి జూన్, జూలైలో పెట్టింది. అది నారు పోసే కాలం, ఆడవాళ్లకు కాస్త తీరిక ఉంటుంది. 61,000ను సిబ్బంది నుంచి రావలసిన అడ్వాన్సుగా చూపించి, వాయిదాల్లో వసూలు మొదలుపెట్టారు. సూపర్‌వైజర్ ఉద్యోగం మానేశాడు.

ఊళ్లో లెక్క చదివితే

దాతకు నేనిచ్చిన సిఫారసుల్లో నాకు ఇష్టమైనది ఒకటే. ఏ ఊరి బడ్జెట్ ఆ ఊళ్లో తెలుగులో చదివి వినిపించాలి. ఇది నా సొంత ఆలోచన కాదు. ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ జరుగుతోంది, దానికోసం 2009లో ప్రత్యేకంగా ఒక సొసైటీ కూడా పెట్టారు. మస్టర్ రోల్, అంటే పనికి వచ్చినవాళ్ల హాజరు పట్టీ, ఊరి మధ్య చదివితే చనిపోయినవాళ్ల పేర్లు బయటపడటం ఇక్కడ చాలామంది చూసిందే. ప్రభుత్వ డబ్బుకు ఉన్న అలవాటు విదేశీ డబ్బుకు లేకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే అనిపిస్తుంది.

జూలైలో ఒక సాయంత్రం ఏడింటికి, కూలికి వెళ్లినవాళ్లు వచ్చి స్నానాలు చేశాక, రామాలయం ముందు కూర్చున్నాం. నేను ఒక్కో పద్దు చదువుతున్నాను. “జిగురు అట్టలు, మనిషికి ఇరవై ఐదు” అన్నాను. ముందు వరసలో ఒకావిడ పక్కనున్నామె వైపు తిరిగింది.

“నీకెన్నొచ్చినయి వదినా?”

“పది.”

“నాకూ పదే. ఈమేంది ఇరవై ఐదంటది?” అని నావైపు తిరిగి, “అమ్మా, ఆ కాయితంలో పదిహేను ఎవరికిచ్చారో చదువు” అంది.

ఆ పదిహేను ఎవరికిచ్చారో నా కాగితంలో లేదు. స్టాక్ రిజిస్టర్‌లో మొత్తం అందినట్టే ఉంది. నాలుగు ఊళ్లలో అదే మాట వచ్చింది, పదో పన్నెండో. ఇరవై రోజులు ఫైళ్లు చూసిన నాకు దొరకనిది ఆమెకు ఒక్క నిమిషంలో దొరికింది. సరఫరాదారుకు నోటీసు ఇచ్చాం. నాటు వేసే వేళకు మిగతా అట్టలు దించాడు.

అయితే ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఊళ్లో చదివితే చాలు, అన్నీ సర్దుకుంటాయి అనుకునేవాళ్లను చూశాను. ఇండోనేషియాలో 600కు పైగా ఊళ్లలో రోడ్ల పనుల మీద బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త ఒక పరిశోధన చేశారు. ప్రపంచ బ్యాంకు సాయంతో జరిగిన పనులవి. ప్రభుత్వ ఆడిట్ తప్పకుండా వస్తుందని ముందే చెప్పిన ఊళ్లలో, లెక్కకు అందని ఖర్చు దాదాపు 8 శాతం పాయింట్లు తగ్గింది. జనాన్ని జవాబుదారీ సమావేశాలకు ఎక్కువగా పిలిచిన ఊళ్లలో కూలి డబ్బు మాయం కావడం తగ్గింది కానీ, సామగ్రిలో పోయేది పెద్దగా తగ్గలేదు. ఎందుకంటే తన కూలి ఎంతో పనిచేసిన మనిషికి తెలుసు, రాయి ఎన్ని ఘనపుటడుగులు పోశారో తెలియదు. మా కేసు కూడా అచ్చం అంతే. తన చేతికి పది అట్టలే వచ్చాయని ఆమెకు తెలుసు. అట్ట ధర ఎక్కువ వేశారని, రెండు కొటేషన్ల యజమాని ఒక్కడేనని రామాలయం దగ్గర ఎవరికీ తెలిసే దారి లేదు. అది నా పని. ఫిబ్రవరిలో హాల్లో ఎవరూ లేరన్నది వాళ్లకే తెలిసిన సంగతి. ఇద్దరం ఉంటేనే మొత్తం కనపడుతుంది.

ఉగాండా ఉదాహరణ కూడా దాతకు పంపాను. 1991–95 మధ్య అక్కడి ప్రాథమిక పాఠశాలలకు కేంద్రం విడుదల చేసిన గ్రాంట్లలో సగటున 13 శాతమే బడి దాకా చేరిందని ఒక సర్వేలో తేలింది. ఆ తర్వాత ఏ జిల్లాకు ఎంత పంపారో పత్రికల్లో, బడి గోడల మీద ప్రకటించడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకు చేరే వాటా బాగా పెరిగింది. అదొక్కటే కారణం కాదు, మిగతా సంస్కరణలూ ఉన్నాయి. అయినా హెడ్‌మాస్టర్‌కు తన బడికి రావలసింది ఎంతో తెలియకుండా ఆయన అడగలేడు కదా.

దాతతో తేల్చుకున్నవి

దాత ప్రతినిధులు రెండేళ్లలో రెండుసార్లు వచ్చారు. శాలువాలు, కొబ్బరిబోండాలు, రెండు గంటలు, ఫోటోలు. క్యాష్ బుక్ ఎవరూ అడగలేదు. ఆలస్యమైన వాయిదా వాళ్ల తప్పు. ఆలస్యంగా పంపి, మార్చి లోపల ఖర్చు చేయమనడం ఇంకా పెద్ద తప్పు. ఈ మాట వీడియో కాల్‌లో వాళ్ల ముందే చెప్పాను. ఖర్చు కాని డబ్బును తర్వాతి ఏడాదికి తీసుకెళ్లనివ్వండి, శిక్షణల తేదీలు మిరప పంటను బట్టి పెట్టుకోనివ్వండి, అత్యవసరాలకు ఫోన్ చేస్తే రెండు రోజుల్లో అవునో కాదో చెప్పండి అన్నాను. మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడోదానికి ఒక మనిషిని, ఒక ఈమెయిల్‌ను ఇచ్చారు.

అకౌంటెంట్ సంగతి తేలడానికే ఎక్కువ టైం పట్టింది. 20 శాతంలో చోటు లేదు. చివరికి జీపు అమ్మేశారు. డ్రైవర్, డీజిల్, మరమ్మతు ఖర్చు తగ్గి, ఒక అమ్మాయిని పూర్తికాలం పెట్టుకోగలిగారు. తెనాలిలో బీకాం చదివిన పిల్ల. ఊళ్లకు బస్సులో వెళ్తుంది. వోచర్ మీద తేదీ చూసి “ఆ రోజు అమావాస్య కదండీ, ఆ షాపు తీయరే” అని అడిగిందని మాస్టారు నాకు ఫోన్ చేసి చెప్పారు. ఆయన గొంతులో సంతోషం వినపడింది.

2025 ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాను. ఆ నెల రిజిస్టర్‌లో ఒక్క శిక్షణా లేదు. రెండు చేలల్లోకి వెళ్లి చూశాను. నీలం అట్టలు వరసల మధ్య కర్రలకు కట్టి ఉన్నాయి, ఎండకు కొంచెం వెలిశాయి, నల్లటి చుక్కల్లా పురుగులు అంటుకుని ఉన్నాయి. ఒక చేలో లెక్కపెట్టాను. ఇరవై మూడు. మిగతా రెండూ గాలికి పోయాయని ఆ చేను ఆవిడ కాయలు కోస్తూనే చెప్పింది. 61,000లో ఇంకా 19,000 వసూలు కావాలి. అది నా ఫైల్లో రావలసిన సొమ్ముగానే ఉంది.